వరద బురద పట్టిన రికార్డులు, అల్ట్రాసోనిక్ మెషిన్, బ్యాటరీ నీళ్లు: చెన్నైలో నా అనుభవం

పాత ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, కడగడానికి అల్ట్రాసోనిక్ మెషిన్ కొనొచ్చా అని తెలిసినవాళ్లు తరచుగా అడుగుతున్నారు. కొనొచ్చు. కానీ మీరు చెన్నైలో ఉంటే ముందు నీళ్ల సంగతి తేల్చుకుని తర్వాత మెషిన్ జోలికి వెళ్లండి. రికార్డు మీద ముల్లు నడిచే సన్నటి గాడిలోంచి మురికిని ఊడదీసేది మెషినే, అందులో సందేహం లేదు, అయితే ఊడిన మురికీ మనం కలిపిన సబ్బూ మళ్లీ అదే గాడిలో ఎండిపోకుండా చూసేది మాత్రం చివర్లో మనం వాడే శుభ్రమైన నీళ్లు. ఇది నేను ఎల్పీల మీద, చిన్న రికార్డులైన ఈపీల మీద చేసి చూసి చెబుతున్న మాట.

నా దగ్గరికి వచ్చిన రికార్డులు మామూలుగా దుమ్ము పట్టినవి కావు. మన సినిమాలు కొన్ని దశాబ్దాలపాటు మద్రాసులోనే తయారయ్యాయి కాబట్టి కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో వాయించిన తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పటికీ రికార్డులు కట్టలు కట్టలుగా ఉంటాయి. అలా ఒకప్పుడు వయొలిన్ వాయించిన ఒక పెద్దాయన, నేను మాస్టారూ అని పిలుస్తాను, జాఫర్‌ఖాన్‌పేటలో కింద వాటాలో ఉండేవారు. 2015 డిసెంబరులో అడయారు నది పొంగినప్పుడు ఆ ఇంట్లోకి నీళ్లొచ్చాయి, బీరువాలో కింది అరలో ఉన్న రికార్డులన్నీ మునిగాయి. అట్టలు నానిపోయి పారేయాల్సి వచ్చింది గానీ రికార్డులు పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు, పైపైన నీళ్లు పోసి ఆరబెట్టి పాత చీరల్లో చుట్టి అటక మీద పెట్టారు. అన్నేళ్ల తర్వాత అవి నా చేతికి వచ్చేసరికి ఒకవైపు గాళ్ళ నిండా ఎండిన ఒండ్రుమట్టి, ఇంకోవైపు తెల్లటి బూజు మచ్చలు. "పాడైనా ఫర్వాలేదు బాబూ, ప్రయత్నం చెయ్యి. ఆ లేబుళ్ల మీద రాత మాత్రం పోకుండా చూడు" అన్నారు. రికార్డు మధ్యలో అంటించిన కొన్ని కాగితపు లేబుళ్ల మీద ఏ పాటలో తను వాయించారో ఆయన ఇంకు పెన్నుతో రాసుకున్న గుర్తులున్నాయి. ఆ గుర్తులున్న రికార్డులు పై అరలోవి కాబట్టి వరదలో తడవలేదు.

బురద పట్టిన రికార్డును గుడ్డతో గానీ బ్రష్‌తో గానీ రుద్దకూడదు. ఒండ్రులో సన్నటి ఇసుక ఉంటుంది, అది రికార్డు తయారైన వినైల్ ప్లాస్టిక్ కంటే గట్టిది, రుద్దిన ప్రతిసారీ గాడి గోడల మీద గీతలు పడతాయి, అలా పడ్డ గీత ఇక జన్మలో పోదు. అసలు ఈ గాడి ఎంత సన్నమంటే ఎల్పీలో దాని వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దగ్గర ఉంటుంది, పన్నెండు అంగుళాల ఎల్పీలో ఒక వైపున్న గాడిని సాగదీసి పరిస్తే దాదాపు అర కిలోమీటరు పొడుగు వస్తుంది. అంత పొడుగునా లోపలికి దూరి శుభ్రం చేయడం మామూలు బ్రష్ కుచ్చు వల్ల కాదు. చేత్తో తాకకుండా పని జరగాలంటే నాకు అల్ట్రాసోనిక్ తప్ప వేరే దారి కనిపించలేదు.

దాని పని ఇలా ఉంటుంది. స్టీలు తొట్టి అడుగున అంటించిన ట్రాన్స్‌డ్యూసర్లు, అంటే కరెంటుని అదురుగా మార్చే బిళ్లలు, సెకనుకు నలభై వేల సార్లు, అంటే 40 కిలోహెర్ట్జ్‌లో అదురుతాయి. ఆ అదురుకి నీళ్లలో కంటికి ఆనని బుడగలు పుట్టి వెంటనే పేలిపోతుంటాయి. బుడగ కూలిన చోట నీరు చిన్న చిమ్ములా ఉపరితలాన్ని కొడుతుంది, మట్టీ జిడ్డూ ఆ దెబ్బకే వదులుతాయి. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ బుడగ చిన్నదవుతుంది, దెబ్బ సున్నితమవుతుంది, సన్నటి సందుల్లోకి ఇంకా బాగా వెళ్తుంది. ఎస్టోనియాలో తయారయ్యే డీగ్రిట్టర్ మెషిన్ 120 కిలోహెర్ట్జ్‌లో పనిచేసేది అందుకే. కానీ అది ఇక్కడికి తెప్పించుకోవాలంటే లక్షల్లో పని. నేను తీసుకున్నది నగల షాపులవాళ్లూ, కళ్లజోళ్ల షాపులవాళ్లూ, డెంటల్ క్లినిక్‌లవాళ్లూ వాడే మామూలు ఆరు లీటర్ల తొట్టి, 40 కిలోహెర్ట్జ్, 180 వాట్లు. దాని లోపలి పొడుగు 30 సెంటీమీటర్లు, లోతు 15. ఎల్పీ లేబుల్ తడవకుండా ఉండాలంటే రికార్డు పది సెంటీమీటర్లకు మించి మునగకూడదు, ఆ లోతులో రికార్డు నీటిని తాకే పొడుగు 28 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, అంటే ఈ తొట్టిలో సరిగ్గా పడుతుంది. ఇంతకంటే చిన్న తొట్టి కొంటే ఎల్పీ పట్టదు, కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి.

రికార్డులో కింది భాగమే నీళ్లలో మునుగుతుంది కాబట్టి దాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి, ఆ తిప్పే ఏర్పాటు ఇంట్లోనే చేసుకున్నాను. ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచ్చీ స్ట్రీట్‌లో దొరికే పన్నెండు వోల్టుల గేర్ మోటారు ఒకటి, దానికి వేగం తగ్గించే చిన్న కంట్రోలరు, మరలున్న స్టీలు రాడ్డు, రికార్డుల మధ్య అంగుళం మందం రబ్బరు ముక్కలు. అంగుళం ఎడం ఎందుకంటే 40 కిలోహెర్ట్జ్ శబ్దానికి నీటిలో తరంగం పొడుగు దాదాపు 37 మిల్లీమీటర్లు, రికార్డులు మరీ ఒకదానికొకటి ఆనుకుంటే మధ్య సందులోకి ఆ శక్తి సరిగా చేరదు. ఒకేసారి మూడు రికార్డులకు మించి పెట్టను, ఎక్కువ పెడితే అన్నిటికీ అరకొరగానే పనవుతుంది. వేగం నిమిషానికి ఒక చుట్టు లేదా అంతకంటే తక్కువ. వేగంగా తిప్పితే నీళ్లు కదిలిపోయి బుడగలు నిలదొక్కుకోవు. లేబుళ్ల కోసం నేమ్ బోర్డులు చేసే యాక్రిలిక్ షాపులో గుండ్రటి బిళ్లలు కోయించి, లోపలివైపు రబ్బరు రింగు అంటించి, రెండు పక్కలా బిగించాను. మాస్టారి ఇంకు రాత ఒక్క అక్షరం కూడా చెదరలేదు, నాకు అన్నిటికంటే తృప్తి కలిగించింది అదే. ఈపీలు ఏడు అంగుళాలే కాబట్టి వాటికి రాడ్డు కిందికి దించుకోవాలి, దానికోసం స్టాండుకి రెండో జత రంధ్రాలు వేయించాను.

ఇక నీళ్లు. మా వీధి బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు పెడితే వెయ్యి దాటుతుంది, అంటే లీటరుకి ఒక గ్రాము పైనే ఉప్పులు. ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే ఆ ఉప్పంతా గాడిలోనే మిగులుతుంది. ఆర్వో నీళ్లు నయం గానీ అవీ మా ఇంట్లో అరవై దగ్గర చూపిస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టుకోవచ్చు కదా అని మా ఆవిడ అడిగింది, మీటరు కూడా చాలా తక్కువే చూపిస్తుంది, కాకపోతే ఆ నీళ్లు ఏసీ కాయిల్ మీద పేరుకున్న దుమ్మునీ బూజునీ కడుక్కుని వస్తాయి, బూజు వదిలించడానికి పెట్టిన పనిలో మళ్లీ బూజు నీళ్లు వాడటం నాకు నచ్చలేదు. చివరికి ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ ఐదు లీటర్ల క్యాన్లు తెచ్చుకుంటున్నాను. వాటినీ గుడ్డిగా నమ్మను, మూత తీయగానే మీటరు పెడతాను, సున్నా నుంచి రెండు లోపు ఉంటే సరే, ఇరవై చూపించిన క్యాను మొదటి కడుగుకే పనికొస్తుంది. బ్యాటరీ షాపులో యాసిడ్ క్యాన్లు కూడా పక్కనే ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి.

సొంతంగా కలుపుకునే ద్రావణం గురించి ఎన్నో వంటకాలు ప్రచారంలో ఉన్నాయి, వాటిలో సగం అనవసరం. నీరు తనంతట తాను వినైల్ మీద పరుచుకోదు, బొట్లు బొట్లుగా నిలబడుతుంది, గాడి అడుగుదాకా దిగదు. ఆ బిగువు తగ్గించడానికి కొంచెం సర్ఫాక్టెంట్ కావాలి, అంతే. గిన్నెలు తోమే లిక్విడ్ చుక్క వేస్తే చాలదా అంటారు, అందులో రంగు, వాసన, చిక్కదనం కోసం ఉప్పు అన్నీ ఉంటాయి, అవి కడగడానికి ఇంకో కడుగు కావాలి. నేను ట్రైటాన్ ఎక్స్-100 తోనూ ట్వీన్ 20 తోనూ చేసి చూశాను. రెండూ ల్యాబ్ కెమికల్స్ అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఐదు లీటర్లకు ఒక మిల్లీలీటరు చాలు, సిరంజితో కొలవండి. ట్రైటాన్ చిక్కటి జిగురులా ఉంటుంది, నేరుగా తొట్టిలో వేస్తే కరగకుండా తీగలా వేలాడుతుంది, కాబట్టి ముందు చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్లలో కలిపి ఒక రాత్రి ఉంచి వాడుకోవాలి. పని రెండిటితోనూ ఒకేలా జరిగింది. ట్రైటాన్ విరిగితే వచ్చే పదార్థం నీటిలోని జీవుల హార్మోన్లను దెబ్బతీస్తుందని యూరప్‌లో 2021 నుంచి దానిమీద ఆంక్షలున్నాయి, మురికి నీళ్లు చివరికి మన డ్రైనేజీలోకే వెళ్తాయి కాబట్టి ఇప్పుడు నేను ట్వీన్ ఒక్కటే వాడుతున్నాను. ఫోటోలు కడిగే రోజుల్లో వాడిన కొడాక్ ఫోటో-ఫ్లో కూడా ఇలాంటిదే, ఎవరి దగ్గరైనా పాత సీసా ఉంటే పనికొస్తుంది.

ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చాలామంది తొట్టిలో కలుపుతారు. జిడ్డు వదలడానికీ త్వరగా ఆరడానికీ సాయపడే మాట నిజమే. కానీ నడుస్తున్న తొట్టి వేడెక్కుతుంది, ఆవిరి లేస్తుంది, ఐపీఏ ఆవిరి అంటుకునే రకం, నా మెషిన్ ఉన్నది కిటికీ తక్కువ గది. తొట్టిలో నేను వేయను. వేలిముద్రల జిడ్డు మరీ మొండిగా ఉన్న వినైల్ రికార్డును మాత్రం బురదంతా పోయాక ఐపీఏ కలిపిన డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ తడిపి గాడి వెంట ఒకసారి తుడుస్తాను. మెడికల్ షాపు సర్జికల్ స్పిరిట్ దీనికి ప్రత్యామ్నాయం కాదు, వాటిలో కొన్నింట్లో ఆముదం లాంటివి కలుస్తాయి, ఆరాక పొర మిగులుతుంది.

కడిగే రోజు పని ఇలా సాగుతుంది. ముందు రికార్డును లేబుల్ బిళ్లలు బిగించి ఆర్వో నీళ్ల ధార కింద నిలువుగా పట్టుకుని తిప్పుతాను, వదులుగా ఉన్న మట్టి ఇక్కడే చాలావరకు పోతుంది, ఇది ఎగ్గొడితే తొట్టిలో నీళ్లు పది నిమిషాల్లో కాఫీ రంగుకు తిరుగుతాయి. తొట్టిలో ద్రావణం పోసి రికార్డులు లేకుండా పది నిమిషాలు నడుపుతాను, నీళ్లలో కరిగిన గాలి బయటికి పోతేనే బుడగలు గట్టిగా పేలతాయి. మెషిన్ సరిగా పనిచేస్తోందా అన్న అనుమానం వస్తే వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను నీళ్లలో నిలువుగా పట్టుకుంటే నిమిషం రెండు నిమిషాల్లో దానిమీద చిన్న చిన్న గుంటలూ చిల్లులూ పడాలి. ఒకచోటే పడి ఇంకోచోట పడకపోతే ఆ మూల ట్రాన్స్‌డ్యూసర్ బలహీనంగా ఉన్నట్టు. పరీక్షయ్యాక నీళ్లు మార్చాలి, ఫాయిల్ రేణువులు అందులో కలిసిపోతాయి. నడుస్తుండగా చెయ్యి పెట్టకూడదు, నీళ్లు లేకుండా అస్సలు ఆన్ చేయకూడదు.

హీటరు నేను వాడను. పుస్తకాల్లో 30 నుంచి 35 డిగ్రీలు ఉంచమంటారు, మే నెలలో మా క్యానులో నీళ్లే 32 ఉంటాయి! పైగా అదురు వల్ల నీళ్లు ఇంకా వేడెక్కుతాయి, నలభై దగ్గరికి వస్తే ఆపి చల్లారనిస్తాను. వేడికి వినైల్ మెత్తబడి వంకరపోతే దాన్ని తిరిగి సరిచేయడం మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. మామూలు రికార్డుకి పది పదిహేను నిమిషాలు, ఒండ్రు పట్టినవాటికి ఇంకో విడత. రెండు విడతల మధ్య నీళ్లను వడకడతాను. ఆర్వో మెకానిక్ దగ్గర పది అంగుళాల ఫిల్టరు హౌసింగూ, ఒక మైక్రాన్ కార్ట్రిడ్జీ, పాత బూస్టర్ పంపూ చవగ్గా దొరికాయి, తొట్టి కుళాయి నుంచి పైపు పెట్టి అందులోంచి తిప్పి మళ్లీ తొట్టిలోకే పంపుతాను. మొదటి రోజు తర్వాత కార్ట్రిడ్జి తీసి చూస్తే తెల్లగా ఉండాల్సింది అడయారు బురద రంగులో ఉంది, మాస్టారికి చూపిస్తే ఆయన చాలాసేపు దాన్నే చూశారు.

తర్వాతిదే అసలు పని. తొట్టిలోంచి తీసిన రికార్డును వేరే టబ్బులో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తిప్పాలి, ఆ తర్వాత ఇంకో టబ్బులో మరోసారి. ఇది చాదస్తం అనుకునేవాళ్ల కోసం ఒక పరీక్ష చేశాను. ఒకే సెట్టులో ఉన్న రెండు ఎల్పీలు తీసుకుని ఒకదాన్ని తొట్టి నుంచి తీసి నేరుగా ఆరబెట్టాను, రెండోదాన్ని రెండు టబ్బుల్లో ముంచి ఆరబెట్టాను. కంటికి రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. ప్లేయర్ మీద పెడితే మొదటిది సగం వైపు తిరిగేసరికి ముల్లు చివర తెల్లటి పిండి పేరుకుంది, తారస్థాయి స్వరాల దగ్గర శబ్దం చీలింది. రెండోదానికి ముల్లు శుభ్రంగా ఉంది. మొదటిదాన్ని మళ్లీ రెండు టబ్బుల్లో ముంచి ఆరబెట్టాక అదీ బాగానే పలికింది. అంటే కడుగు మధ్యలో ఆపితే ఫలితం అంతే ఉంటుంది, మెషిన్ ఎంత ఖరీదైనదైనా సరే.

ఆరబెట్టడం చెన్నైలో ఒక తలనొప్పి. ఫ్యాన్ కింద పెడితే దుమ్ము లేచి తడి రికార్డు మీద వాలుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో గాలి నిండా తేమే, గంటలు గంటలు పట్టినా ఆరదు. ఆ నెలల్లో ఏసీ గదిలో, తలుపు మూసి, ప్లేట్లు ఆరబెట్టే స్టాండులో నిలువుగా పెడతాను. పూర్తిగా ఆరిన తర్వాతే కొత్త పాలిథీన్ లోపలి కవర్లలోకి వెళ్తాయి. పాత కాగితం కవర్లలో మళ్లీ పెడితే బూజు విత్తనాలు అక్కడే కాచుకుని ఉంటాయి.

ఫలితం చెవితో మాత్రమే తేల్చలేదు. కడగక ముందు ఒక వైపంతా కంప్యూటరులో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, కడిగాక అదే ముల్లుతో అదే లెవెల్‌లో మళ్లీ చేసి, రెండు తరంగాల బొమ్మల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. ఒండ్రు రికార్డుల్లో చిటపటల వల్ల బొమ్మలో నిటారుగా లేచే గీతలు చాలావరకు మాయమయ్యాయి, పాట మొదలయ్యే ముందు ఉండే నిశ్శబ్దంలో తేడా ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. బూజు రికార్డులు మిశ్రమంగా ఉన్నాయి. పైనున్న బూజు పోయింది, చాలా ఏళ్లు ఉండిపోయినచోట మాత్రం మచ్చ మిగిలింది, అక్కడ బుసబుస అలాగే ఉంది. ఇంకో రకం ఉంది, మన ఇళ్లలో అట్టమీద తొడిగే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్ల వల్ల రికార్డు మీద మంచులా పొర కమ్ముతుంది, ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే నూనెలు వినైల్‌లోకి దిగడం వల్ల వచ్చేది, అది ఎన్ని విడతలు వేసినా కదల్లేదు. బరువైన ముల్లుతో ఏళ్లతరబడి వాయించి అరిగిపోయిన గాడిని ఏ మెషినూ తిరిగి నింపలేదు, అలాంటివి కడిగాక ఆ అరుగుదల ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది కూడా. ఇది ముందే చెప్పి మరీ కడుగుతాను, లేకపోతే తెచ్చినవాళ్ల ఆశ పాడవుతుంది.

మాస్టారి కట్టలో 78 ఆర్‌పీఎం ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు, కూడా ఉన్నాయి, కలకత్తా డమ్‌డమ్‌లో అచ్చయిన నాటక పద్యాలు. వాటిని నేను మెషిన్‌లో పెట్టలేదు, పెట్టను కూడా. అవి వినైల్ కాదు, లక్కతో చేసినవి, లోపల రాతిపొడి లాంటి పదార్థాలు కలిసి ఉంటాయి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది, కాబట్టి ఐపీఏ గానీ స్పిరిట్ గానీ ఒక్క చుక్క తగిలినా గాడి పోతుంది. నీటిలో ఎక్కువసేపు నానడమూ మంచిది కాదు, వయసు మీద వచ్చిన సన్నటి పగుళ్లు ఆ అదురుకి పెద్దవైతే ప్లేటు చేతిలోనే విరగొచ్చు. ఈ ప్లేట్లు పై అరలో ఉండి వరదలో మునగలేదు, వాటికి పట్టింది మామూలు దుమ్మే, అందుకే వీటికి మెత్తటి బ్రష్ వాడగలిగాను. డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క ట్వీన్ వేసి, బ్రష్‌తో గాడి వెంట ఒక్కసారి తిప్పి, వెంటనే ఉత్త నీళ్లతో తుడిచి, మెత్తటి గుడ్డతో తడి అద్దేస్తాను, లేబుల్ దగ్గరికి నీళ్లు రానివ్వను. వాయించేటప్పుడు ముల్లు కూడా మార్చాలి, 78 గాడి ఎల్పీ గాడి కంటే దాదాపు మూడు రెట్లు వెడల్పు, ఎల్పీ ముల్లు పెడితే అది అడుగుకి దిగి అక్కడున్న చెత్తనే చదువుతుంది, శుభ్రమైన ప్లేటు కూడా గరగరమంటుంది. 78 ముల్లు తెప్పించి పెట్టాక మాస్టారు ఫోనులో రాగం వినగానే ఏ నాటకంలో పద్యమో చెప్పేశారు. మిగిలిన ప్లేట్లు వచ్చే వారం ఆయనే ఆటోలో తెస్తానన్నారు, వద్దు, ఆటో కుదుపులకు అవి నిలవవు, నేనే వచ్చి తీసుకెళ్తానని చెప్పాను.